అట్రిబ్యూట్ గ్రామరా, విజిటరా, ఇన్ఫరెన్స్ రూల్సా: మీ లాంగ్వేజ్‌కి ఏది సరిపోతుంది?

సొంతంగా చిన్న ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ ఒకటి రాద్దామని కూర్చున్నవాళ్ళకి పార్సర్ (రాసిన కోడ్‌ని చదివి దాని నిర్మాణాన్ని గుర్తించే భాగం) దాకా పని సాఫీగానే సాగుతుంది. గ్రామర్ రాస్తారు, పార్సర్‌ని తయారుచేసే టూల్స్ అయిన బైసన్‌కో యాంట్లర్‌కో ఇస్తారు, ప్రోగ్రామ్ నిర్మాణాన్ని చూపే ట్రీ చేతికొస్తుంది. అసలు పని మొదలయ్యేది ఆ తర్వాతే. ఈ వేరియబుల్‌ని ఎక్కడైనా డిక్లేర్ చేశారా, ఫంక్షన్‌కి పంపిన వాటి టైపులు సరిపోతున్నాయా, ఈ బ్రేక్ నిజంగా ఏదైనా లూప్ లోపల ఉందా, ఇలాంటివేవీ కాంటెక్స్ట్ ఫ్రీ గ్రామర్‌తో, అంటే పార్సర్ కోసం రాసే ఆ గ్రామర్‌తో, చెప్పడం కుదరదు. వాటిని రాయడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి: అట్రిబ్యూట్ గ్రామర్ (ట్రీలోని నోడ్లకి విలువలు, వాటికి సమీకరణాలు), చేత్తో రాసుకునే విజిటర్ కోడ్ (ట్రీలో నోడ్ నోడ్‌కీ తిరుగుతూ చెక్ చేసే మామూలు కోడ్), లేదా టైప్ థియరీ వాళ్ళు వాడే ఇన్ఫరెన్స్ రూల్స్ (ఇవి నిజమైతే అదీ నిజం అని చెప్పే నియమాలు).

నా సలహా ముందే చెప్పేస్తాను. టూల్ పేరు చూసి ఎంచుకోకండి. మీ లాంగ్వేజ్‌లో సమాచారం ట్రీలో పైకి వెళ్తుందా, కిందికి దిగుతుందా, లేక పైకెళ్ళి మళ్ళీ దిగాల్సి వస్తుందా అన్నది ఒక కాగితం మీద బాణాలు గీసుకుని చూడండి, సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది. మీ వర్ణన చదివేది మనిషా, కంపైలరా, ప్రూఫ్ రాసేవాళ్ళా అన్నది చూసుకుంటే మిగతా సగం కూడా తేలుతుంది.

బీటెక్ కంపైలర్ డిజైన్ చదివినవాళ్ళకి, గేట్‌కి ప్రిపేర్ అయినవాళ్ళకి అట్రిబ్యూట్ గ్రామర్ ఆలోచన సింటాక్స్ డైరెక్టెడ్ ట్రాన్స్‌లేషన్ పేరుతో పరిచయమే. ఎస్-అట్రిబ్యూటెడ్, ఎల్-అట్రిబ్యూటెడ్ నిర్వచనాలు (అవేమిటో కింద చెప్తాను) పరీక్ష కోసం బట్టీ పట్టి అక్కడితో వదిలేస్తారు చాలామంది. నిజానికి ఎంపిక చేసుకునేటప్పుడు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చేవి ఆ రెండు మాటలే.

ముందు ఆ బాణాల సంగతి

కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ 1968లో అట్రిబ్యూట్ గ్రామర్ పద్ధతిని ప్రచురించారు. గ్రామర్‌లో ప్రతి సింబల్‌కీ కొన్ని అట్రిబ్యూట్లు ఉంటాయి, ప్రతి ప్రొడక్షన్‌కీ (గ్రామర్‌లోని ఒక్కో నియమానికీ) ఆ అట్రిబ్యూట్ల విలువలు ఎలా వస్తాయో చెప్పే సమీకరణాలు ఉంటాయి. కింది నోడ్ల నుంచి పైకి చేరేవి సింథసైజ్డ్, పై నోడ్ నుంచో పక్క నోడ్ల నుంచో వచ్చేవి ఇన్హెరిటెడ్. ఏది ముందు లెక్కకట్టాలి, ఏది తర్వాత అన్నది మనం ఎక్కడా రాయం. దేని విలువ దేని మీద ఆధారపడిందో మాత్రమే రాస్తాం, క్రమం దాన్నుంచి అదే వస్తుంది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది ఇదే.

క్నూత్ ఇచ్చిన ఉదాహరణ బైనరీ సంఖ్యలది. 1101.01 అని రాస్తే దాని విలువ 13.25 అని తేల్చాలి. ఒక దారేమిటంటే, ప్రతి అంకెల వరుసకీ విలువ, పొడవు అని రెండు సింథసైజ్డ్ అట్రిబ్యూట్లు పెట్టుకుని, చుక్క తర్వాతి భాగం విలువ 1ని, దాని పొడవు 2 కాబట్టి, 4తో భాగించడం. అన్నీ పైకే వెళ్తాయి, ఒక్క చుట్టులో పని అయిపోతుంది. రెండో దారిలో ప్రతి బిట్‌కీ దాని స్థానాన్ని చెప్పే స్కేల్ అనే ఇన్హెరిటెడ్ అట్రిబ్యూట్ ఉంటుంది. మనిషి ఆలోచించే తీరుకి ఇదే దగ్గర, ఎందుకంటే కుడి చివరి 1 అంటే రెండు మైనస్ 2వ ఘాతం అని బిట్ దగ్గరే తెలిసిపోతుంది. కానీ చుక్క తర్వాతి వరుసకి స్కేల్ ఎంతో తెలియాలంటే ముందు దాని పొడవు పైకి రావాలి, ఆ పొడవుకి మైనస్ పెట్టి మళ్ళీ అదే వరుసలోకి కిందికి పంపాలి. అంటే అదే కొమ్మలోకి రెండుసార్లు వెళ్ళాలి. భాష ఒకటే, అర్థం ఒకటే, అయినా మనం రాసిన తీరుని బట్టి ఒకటి ఎస్-అట్రిబ్యూటెడ్ అయింది, రెండోది ఎల్-అట్రిబ్యూటెడ్ కూడా కాకుండా పోయింది. కాబట్టి ఈ ఎంపిక కొంత మీ భాష చేతిలో, కొంత మీరు రాసే తీరులో ఉంటుంది.

ఎస్-అట్రిబ్యూటెడ్ అంటే అన్నీ సింథసైజ్డ్. యాక్ (బైసన్ లాంటి పాత టూల్), బైసన్‌లలో $$ (నియమం ఫలితం), $1, $3 (దాని భాగాల విలువలు) అని రాసేది ఇదే, పార్సర్ కింది నుంచి కట్టుకుంటూ వస్తుండగానే విలువలు తేలిపోతాయి. కాలిక్యులేటర్, కాన్ఫిగరేషన్ ఫైల్, చిన్న క్వెరీ భాష, లేదా ట్రీ కట్టి చేతికివ్వడం వరకే అయితే ఇంతకుమించి ఏమీ అక్కర్లేదు, ఈ పనులకి పెద్ద టూల్ తెచ్చుకోవడం దండగ.

ఎల్-అట్రిబ్యూటెడ్ అంటే ఇన్హెరిటెడ్ అట్రిబ్యూట్ ఒకటి పై నోడ్ ఇన్హెరిటెడ్ విలువల మీద, తన ఎడమ పక్క వాటి మీద మాత్రమే ఆధారపడాలి. ఎడమ నుంచి కుడికి ఒక్కసారి నడిస్తే అన్నీ తేలతాయి. పాస్కల్‌లో వాడే ముందే డిక్లేర్ చేయాలి, ఒకదాన్నొకటి పిలుచుకునే ప్రొసీజర్లు ఉంటే ఫార్వర్డ్ అని ముందుగా ప్రకటించాలి. ఒక్క పాస్‌లో, అంటే కోడ్‌ని మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి చదవగానే, కంపైల్ అయ్యేలా ఆ భాషని రూపొందించారు కాబట్టే ఆ నియమం. సీలో ఇంట్ అని రాసి పక్కన మూడు పేర్లు రాస్తే ఆ టైప్ ఎడమ నుంచి కుడికి ఒక్కో పేరుకీ చేరుతుంది, అదీ ఇదే తరగతి. మీ భాష కూడా ఇలాంటిదైతే ఒక రికర్సివ్ డిసెంట్ పార్సర్‌లో (ఒక్కో గ్రామర్ నియమానికీ ఒక ఫంక్షన్ రాసే పార్సర్‌లో) ఫంక్షన్ పారామీటర్లే ఇన్హెరిటెడ్ అట్రిబ్యూట్లు, రిటర్న్ విలువలే సింథసైజ్డ్ అట్రిబ్యూట్లు. టూల్ ఏదీ లేకుండానే మీరు అట్రిబ్యూట్ గ్రామర్ రాసినట్టే.

కానీ ఇప్పుడు మనం వాడే భాషల్లో చాలావరకు ఈ గీత దాటేస్తాయి. పైథాన్‌నే తీసుకోండి. ఫంక్షన్ చివరి లైనులో ఎక్కడో ఒక పేరుకి విలువ ఇచ్చినా చాలు, గ్లోబల్ అనో నాన్‌లోకల్ అనో ప్రకటించకపోతే ఆ పేరు ఫంక్షన్ మొత్తంలో లోకల్ అయిపోతుంది. అందుకే మొదటి లైనులో దాన్ని ప్రింట్ చేయబోతే బయటి విలువ రాదు, అన్‌బౌండ్ లోకల్ ఎర్రర్ వస్తుంది. అంటే ముందు ఫంక్షన్ లోపల విలువలు పొందిన పేర్లన్నీ పైకి పోగవ్వాలి, ఆ తర్వాతే ఏది లోకల్ అన్న సమాచారం కిందికి దిగాలి. పైథాన్ ప్రామాణిక ఇంటర్‌ప్రెటర్ సీపైథాన్‌లో సింబల్ టేబుల్ (పేర్ల పట్టిక) కట్టే పాస్ వేరుగా, బైట్‌కోడ్ తయారుచేసే పాస్ వేరుగా ఉండటానికి కారణం ఇదే. జావా ఇంకో మెట్టు పైన. ఒక మెథడ్ కింద రాసిన మెథడ్‌ని పిలవొచ్చు, ఒక పేరుకి అర్థం తెలియాలంటే పేరెంట్ క్లాస్ చూడాలి, ఆ పేరెంట్ క్లాస్ పేరుకి అర్థం తెలియాలంటే మళ్ళీ పేర్ల వెతుకులాటే. వీటిని చేత్తో రాసేటప్పుడు పాస్ 1, పాస్ 2, పాస్ 3 అని విడగొడతారు, కొత్త ఫీచర్ రాగానే ఏది ఏ పాస్‌లో ఉండాలో తేలక తల పట్టుకుంటారు.

ఒక చిన్న లెట్ చెప్పే పెద్ద సంగతి

పద్ధతుల మధ్య తేడా చూడాలంటే ఈ నాలుగు లైన్లు చాలు.

లెట్ → పేరు = ఎక్స్‌ప్రెషన్1 ఇన్ ఎక్స్‌ప్రెషన్2
ఎక్స్‌ప్రెషన్1.ఎన్వ్ = లెట్.ఎన్వ్
ఎక్స్‌ప్రెషన్2.ఎన్వ్ = లెట్.ఎన్వ్ + (పేరు, ఎక్స్‌ప్రెషన్1.టైప్)
లెట్.టైప్ = ఎక్స్‌ప్రెషన్2.టైప్

ఎన్వ్ అంటే ఆ చోట కనబడే పేర్లు, వాటి టైపులు. అది ఇన్హెరిటెడ్. టైప్ సింథసైజ్డ్. స్కోప్ నియమం మొత్తం రెండు, మూడు లైన్లలో కనబడిపోతోంది: పేరు రెండో భాగంలోనే తెలుసు, మొదటి భాగంలో తెలియదు. ఇప్పుడు ఫాక్టోరియల్ లాంటి రికర్సివ్ ఫంక్షన్ రాసుకునే వీలు కావాలనుకోండి. రెండో లైను మార్చి, కొత్త పేరుని మొదటి భాగానికి కూడా పంపాలి. మార్చి చూడండి. ఎక్స్‌ప్రెషన్1 ఎన్వ్ తెలియాలంటే ఎక్స్‌ప్రెషన్1 టైప్ తెలియాలి, ఆ టైప్ తెలియాలంటే ఆ ఎన్వ్ తెలియాలి. సర్కిల్ పడింది. ఇది టూల్ లోపం అనుకోకండి, మీ భాష గురించి మీరు తేల్చుకోవాల్సిన నిజమైన ప్రశ్న అది. రికర్సివ్ ఫంక్షన్‌కి ప్రోగ్రామరే టైప్ రాసివ్వాలా, లేక ఎంఎల్ కుటుంబం భాషల్లోలాగా తెలియని టైప్‌కి ఒక వేరియబుల్ పెట్టి యూనిఫికేషన్‌తో (రెండు టైపులు ఒకటయ్యేలా వేరియబుల్స్‌కి విలువలు వెతకడంతో) తర్వాత తేల్చాలా? కాగితం మీద నాలుగు సమీకరణాలు రాసినప్పుడే ఈ ప్రశ్న ఎదురైతే పని సులువు, వేల లైన్ల విజిటర్ కోడ్ రాశాక ఎదురైతే అది నల్ విలువగానో, ఎప్పటికీ ఆగని రికర్షన్‌గానో కనబడుతుంది, కారణం వెతకడానికే రోజులు పోతాయి. మీరు చివరికి ఏ పద్ధతి తీసుకున్నా సరే, కాగితం మీద మాత్రం అట్రిబ్యూట్ గ్రామర్‌గా ఒకసారి రాయమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఈ సర్కిల్ గొడవ ఏ ట్రీలోనూ రాదని గ్రామర్ చూసే ముందుగా చెప్పగలమా అంటే చెప్పొచ్చు, కానీ ఖర్చు ఎక్కువ. క్నూత్ మొదట ఇచ్చిన పరీక్షలోనే తప్పు దొర్లింది, 1971లో సవరించారు. ఆ సమస్యే స్వభావరీత్యా ఎక్స్‌పోనెన్షియల్ (గ్రామర్ పెరిగేకొద్దీ పట్టే సమయం విపరీతంగా పెరిగేది) అని జజయేరి, ఆగ్డెన్, రౌండ్స్ 1975లో చూపించారు. అది చదివి భయపడి ఈ దారి వదిలేసేవాళ్ళున్నారు, అక్కర్లేదు. ఊవే కాస్టెన్స్ 1980లో ప్రతిపాదించిన ఆర్డర్డ్ అట్రిబ్యూట్ గ్రామర్ల తరగతికి పరీక్ష పాలినామియల్ సమయంలోనే, అంటే ఆచరణలో భరించగల సమయంలోనే, అయిపోతుంది, చాలా భాషలు అందులో ఇమిడిపోతాయి. ఇప్పటి టూల్స్‌లో ఎక్కువ భాగం ఇంకా తేలిక దారి పట్టాయి: అడిగినప్పుడే లెక్కకట్టు, ఒకసారి లెక్కకట్టింది దాచిపెట్టుకో, లెక్క మధ్యలో అదే మళ్ళీ అడిగితే సర్కిల్ అని చెప్పు.

చేత్తో రాసే విజిటర్లతో పోలిస్తే

విజిటర్ కోడ్‌కి ఉన్న బలం మొహమాటం లేకుండా ఒప్పుకోవాలి. కొత్త భాష నేర్చుకోనక్కర్లేదు, డీబగ్గర్ మామూలుగా పనిచేస్తుంది, ఎర్రర్ మెసేజ్‌లు మీకు నచ్చినట్టు రాసుకోవచ్చు, టీమ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి రోజు నుంచే చదవగలరు. క్లాంగ్ (సీ, సీ++ కంపైలర్) లాంటి పెద్ద కంపైలర్లో సెమాంటిక్ చెకింగ్ అంతా చేత్తో రాసిన సీ++ కోడే. పైగా సీ భాషకి ఒక తిరకాసు ఉంది. ఎ స్టార్ బి అని రాస్తే అది గుణకారమా, లేక బి అనే పాయింటర్ డిక్లరేషనా అన్నది ఎ అనే పేరు టైప్‌డెఫ్ (టైప్‌కి పెట్టిన పేరు) అవునా కాదా అన్నదాని మీద ఆధారపడుతుంది, అంటే ట్రీ కట్టడానికే సింబల్ టేబుల్ కావాలి. కట్టేసిన ట్రీ మీద పనిచేసే అట్రిబ్యూట్ గ్రామర్ ఇక్కడ ఆలస్యంగా వచ్చినట్టవుతుంది. మీ భాషలో ఇలాంటి అస్పష్టత ఉంటే ముందు గ్రామర్ మార్చగలరేమో చూడండి, మార్చలేకపోతే చేత్తో రాసే పార్సరే నయం.

విజిటర్ దెబ్బతినేది మార్చుకుంటూ పోయే సింబల్ టేబుల్ దగ్గర. బ్లాక్‌లోకి వెళ్ళేటప్పుడు పుష్ (కొత్త పేర్ల పొర చేర్చడం), బయటికొచ్చేటప్పుడు పాప్ (దాన్ని తీసేయడం), మధ్యలో ఎక్కడో ఎర్రర్ వచ్చి ముందే రిటర్న్ అయితే పాప్ జరగలేదు, ఇక ఆ తర్వాత వచ్చే ఎర్రర్లన్నీ అబద్ధాలే. అట్రిబ్యూట్ అనేది పక్క ప్రభావాలు లేని లెక్క కాబట్టి ఈ రకం బగ్‌కి చోటే ఉండదు. బ్రేక్ లూప్ లోపల ఉందా అన్న చిన్న చెక్ చూడండి. లూప్‌లో ఉన్నామా అనే ఇన్హెరిటెడ్ అట్రిబ్యూట్ ఒకటి, లూప్ తన శరీరానికి అవును అని పంపుతుంది, ఫంక్షన్ తన శరీరానికి కాదు అని పంపుతుంది. లూప్ లోపల ఇంకో ఫంక్షన్ రాసి అందులో బ్రేక్ పెడితే తప్పు అన్నది దానంతటదే తేలిపోతుంది. విజిటర్‌లో కౌంటర్ పెట్టుకున్నవాళ్ళు ఫంక్షన్‌లోకి వెళ్ళేటప్పుడు దాన్ని సున్నా చేసి, బయటికొచ్చాక పాత విలువ తిరిగి పెట్టాలని గుర్తుంచుకోవాలి.

అట్రిబ్యూట్ గ్రామర్ మీద పాత ఫిర్యాదు ఒకటుంది: ఎన్వ్ లాంటిది ప్రతి నోడ్‌కీ పంపాలి కాబట్టి ఏమీ చేయని కాపీ సమీకరణాలు వందల్లో రాయాలని. టూల్ లేకుండా అక్షరాలా రాస్తే నిజమే, విసుగొస్తుంది. టూల్ ఉంటే ఇది ఎప్పుడో తీరిన సమస్య, హాస్కెల్ టూల్ యూయూఏజీసీ కాపీ రూల్స్ తనే చేరుస్తుంది, జావా టూల్ జాస్ట్‌యాడ్‌లో పై నోడ్ దగ్గర ఒక్క సమీకరణం రాస్తే కింది కొమ్మంతటికీ వర్తిస్తుంది.

ఈ రెండింటికీ మధ్య ఇంకో దారి ఉంది, ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళలో ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. ట్రీ నోడ్ తీసుకుని విలువ ఇచ్చే మామూలు ఫంక్షన్లు రాయండి, ప్రతిదాని ఫలితాన్నీ దాచిపెట్టుకోండి, నోడ్‌కి దాని పేరెంట్ తెలిసేలా చూడండి. రస్ట్ కంపైలర్ క్వెరీ సిస్టమ్ ఈ పోలికలోదే: ఈ ఐటెమ్ టైప్ ఏంటి అని అడిగితే అది తనకి కావాల్సినవి అడుగుతుంది, ఫలితాలు దాచుకుంటుంది, సర్కిల్ పడితే సైకిల్ డిటెక్టెడ్ అని ఎర్రర్ ఇస్తుంది. దాన్ని ఎవరూ అట్రిబ్యూట్ గ్రామర్ అని పిలవకపోయినా లోపల ఆలోచన చాలా దగ్గరది.

ఇన్ఫరెన్స్ రూల్స్‌తో పోలిస్తే

ఇక్కడ ప్రశ్న మారుతుంది. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ఏం జరుగుతుందో చెప్పాలా? అలాగైతే అట్రిబ్యూట్ గ్రామర్‌ని బలవంతం చేయకండి. ట్రీ ఒకటే, కదలదు, కానీ వైల్ లూప్ శరీరం ఎన్నిసార్లు నడుస్తుందో ట్రీకి తెలియదు. కోడ్‌నే ఒక అట్రిబ్యూట్‌గా తయారుచేసి ఆ కోడ్ అర్థాన్ని ఇంకెక్కడో చెప్పడం ఒక ఉపాయం. క్నూత్ కూడా ట్యూరింగాల్ అనే చిన్న భాషకి అర్థాన్ని ట్యూరింగ్ మెషిన్ రూపంలో అలాగే ఇచ్చారు. అది పనిచేస్తుంది గానీ, ఇంటర్‌ప్రెటర్ రాసేవాళ్ళకి, టైప్ సేఫ్టీ నిరూపించేవాళ్ళకి ప్లాట్కిన్ 1981లో తీర్చిదిద్దిన స్ట్రక్చరల్ ఆపరేషనల్ సెమాంటిక్స్ పద్ధతి (ప్రోగ్రామ్ ఒక్కో అడుగు ఎలా నడుస్తుందో ఇన్ఫరెన్స్ రూల్స్‌తో చెప్పేది) ఎంతో హాయి. స్టాండర్డ్ ఎంఎల్ నిర్వచనం 1990లో ఇన్ఫరెన్స్ రూల్స్‌లోనే వచ్చింది, స్టాటిక్ (నడవకముందు చెక్ చేసేవి), డైనమిక్ (నడిచే తీరు చెప్పేవి) రెండూ. బ్రౌజర్లలో నడిచే బైట్‌కోడ్ వెబ్‌అసెంబ్లీ స్పెసిఫికేషన్ కూడా టైపింగ్ రూల్స్, రిడక్షన్ రూల్స్ రూపంలోనే ఉంది.

వీటిలో చిక్కేమిటంటే రూల్స్ రాసినంత మాత్రాన అవి నడవవు. గీత పైన షరతులు, గీత కింద ఫలితం. ఏది ఇన్‌పుట్, ఏది అవుట్‌పుట్ అన్నది చదివేవాళ్ళు ఊహించుకోవాలి, ఒక్కోసారి రూల్ ఒక టైప్‌ని గాల్లోంచి తెచ్చినట్టు రాస్తుంది, ఆల్గరిథమ్ రాసేవాళ్ళు దాన్ని వెతికి పట్టుకోవాలి. అట్రిబ్యూట్ గ్రామర్‌లో ఆ దిశ ముందే రాసి ఉంటుంది కాబట్టి అది నేరుగా చెకర్‌గా నడుస్తుంది. స్టాటిక్ నియమాలు బోలెడున్న పెద్ద భాషకి ఇది సరిపోతుందని 1980ల్లోనే చూపించారు: కార్ల్స్‌రూహే బృందం ఏడా సెమాంటిక్ అనాలిసిస్‌ని అట్రిబ్యూట్ గ్రామర్‌గా రాసి 1982లో పుస్తకంగా ప్రచురించింది. ఓవర్‌లోడింగ్ (ఒకే పేరుతో పలు ఫంక్షన్లు) అర్థం చేసుకోవడానికి పైకీ కిందికీ రెండు వైపులా సమాచారం నడవాల్సిన భాష అది.

హిండ్లీ-మిల్నర్ టైప్ ఇన్ఫరెన్స్ (ప్రోగ్రామర్ రాయకుండానే టైపులు కనుక్కునే ఎంఎల్ తరహా పద్ధతి) మాత్రం మధ్యలో ఇరుక్కుంటుంది. సబ్‌స్టిట్యూషన్‌ని (ఏ టైప్ వేరియబుల్‌కి ఏ టైప్ తేలిందో చెప్పే పట్టికని) ట్రీ అంతా తిప్పుతూ అట్రిబ్యూట్లతో రాయొచ్చు, ఉట్రెక్ట్ వాళ్ళ హాస్కెల్ కంపైలర్ యూహెచ్‌సీ అలాంటి పనులకి యూయూఏజీసీనే వాడుకుంది. అయినా మొదటిసారి రాసేవాళ్ళకి నేనైతే అట్రిబ్యూట్లతో కన్‌స్ట్రెయింట్లు (ఈ టైపూ ఆ టైపూ ఒకటే కావాలి లాంటి షరతులు) పోగుచేసి, వాటిని తీర్చే పని విడిగా ఒక సాల్వర్‌కి అప్పజెప్పమంటాను.

టూల్ కావాలనుకుంటే

జావాలో పనిచేసేవాళ్ళకి జాస్ట్‌యాడ్. స్వీడన్ లుండ్ యూనివర్సిటీలో యోరెల్ హెడిన్ బృందం చేసింది. ఇందులో ఒక అట్రిబ్యూట్ విలువ ట్రీలోని ఇంకో నోడే కావచ్చు, అంటే వాడిన పేరు నుంచి దాని డిక్లరేషన్‌కి నేరుగా చేరుకోవచ్చు, పెద్ద ఎన్వ్ టేబుల్‌ని మోసుకు తిరగక్కర్లేదు. ఇందాక చెప్పిన జావా పేర్ల వెతుకులాట దీనితో సహజంగా రాయొచ్చు, ఎక్స్‌టెండ్‌జే అనే పూర్తి జావా కంపైలరే దీని మీద కట్టారు. లైవ్‌నెస్ (ఒక వేరియబుల్ విలువ తర్వాత ఇంకా వాడతారా అని చూడటం) లాంటి ఫ్లో అనాలిసిస్‌లకి సర్కిల్ కావాలనే అవసరమవుతుంది, వాటిని సర్క్యులర్ అని ప్రకటించి మొదటి విలువ ఇస్తే ఫిక్స్‌పాయింట్ దాకా, అంటే విలువ ఇక మారనంతవరకు, అదే తిప్పుతుంది. నాకు వీటన్నిటిలో ఎక్కువ నమ్మకం దీని మీదే.

ఉన్న భాషకి ఎక్స్‌టెన్షన్లు చేర్చాలన్నది మీ అసలు ఉద్దేశమైతే సిల్వర్ చూడండి. మిన్నెసోటా యూనివర్సిటీలో ఎరిక్ వాన్ వైక్ బృందానిది. వేర్వేరు మనుషులు విడివిడిగా రాసిన ఎక్స్‌టెన్షన్లు కలిపినప్పుడు ఏ సమీకరణమూ లేకుండా పోదని ముందే పరీక్షించే ఏర్పాటు ఇందులో ఉంది, ఏబుల్‌సీ అనే సీ కంపైలర్ దానికి పెద్ద ఉదాహరణ. నేర్చుకోవడానికి మాత్రం సమయం పడుతుంది, అదో సొంత భాష. హాస్కెల్‌లో ఉంటే యూయూఏజీసీ, స్కాలాలో ఉంటే కియామా లైబ్రరీ. కియామా మామూలు స్కాలా కోడ్‌లోనే ఒదుగుతుంది కాబట్టి ఒక వారాంతంలో రుచి చూడటానికి అదే తేలిక.

కాలేజీ ప్రాజెక్ట్ అయితే బైసన్‌తో ట్రీ కట్టి, ఆ ట్రీ మీద ఫంక్షన్లు రాయండి, బైసన్ యాక్షన్ల మధ్యలో ఇన్హెరిటెడ్ విలువలు దూర్చే ప్రయత్నం వద్దు. గ్రామర్ నడుమ యాక్షన్ పెట్టగానే కొత్త కాన్‌ఫ్లిక్ట్‌లు (ఏ నియమం వాడాలో పార్సర్‌కి తేలని సందర్భాలు) వస్తాయి, వాటిని తీర్చడంలోనే సెమిస్టర్ గడిచిపోతుంది.

ఎడిటర్‌లో టైప్ చేస్తుండగానే ఎర్రర్లు చూపించే భాష చేస్తున్నవాళ్ళు ఒక్క విషయం మొదట్లోనే చూసుకోండి. మార్పు జరిగిన చోట మాత్రమే అట్రిబ్యూట్లు తిరిగి లెక్కకట్టే పద్ధతి మీద కార్నెల్‌లో రెప్స్, టైటెల్‌బామ్ 1980ల్లోనే పనిచేశారు, సింథసైజర్ జనరేటర్ అందులోంచే వచ్చింది. ఎన్వ్‌ని ఒకే పెద్ద విలువగా పెట్టుకుంటే ఫైల్ మొదట్లో ఒక్క డిక్లరేషన్ మారగానే కింద ఉన్న ప్రతి నోడ్‌కీ ఎన్వ్ మారినట్టే లెక్క, అంతా మళ్ళీ చేయాలి. అందుకని ఎన్వ్ కిందికి పంపే బదులు ఈ పేరు ఎక్కడ డిక్లేర్ అయింది అని పైకి అడిగే లుకప్ అట్రిబ్యూట్‌గా రాయండి. అప్పుడు ఒక్కో వాడకం తను అడిగిన పేరు మీద మాత్రమే ఆధారపడుతుంది, మారని పేర్ల జోలికి ఎవరూ వెళ్ళరు. తర్వాత మార్చుకుందాంలే అనుకుంటే చెకర్‌లో సగం తిరగరాయాల్సి వస్తుంది కాబట్టి ఇది మొదటి రోజే చేయండి.